నా సాంచె చూస్కో

తన కొడుకు, మా తమ్ముడు, చనిపోయాడన్న కబురు మా చిన్నమ్మకు ఏ మనిషీ చెప్పలేదు. సాంచెలు ఆగి చెప్పాయి.

మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. టెంఘర్‌లో చిన్నమ్మ పనిచేసే కార్ఖానాలో ఆ మధ్యాహ్నం సాంచెలు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. ముంబై దగ్గరి మా భివండిలో సాంచెలు ఆగడం వింతేమీ కాదు. కరెంటు పోతే గల్లీకి గల్లీ నోరు మూసుకుంటుంది, రాగానే మళ్లీ మొదలుపెడుతుంది. అందుకే చిన్నమ్మ ముందు తలెత్తి బల్బు చూసింది. బల్బు వెలుగుతోంది.

కరెంటు ఉండగా, పట్టపగలు, పని నడిమధ్యలో సాంచెలు ఆపారంటే మావాళ్లలో దానికి ఒకటే కారణం. ఆ కార్ఖానాలో పనిచేసే ఎవరి ఇంట్లోనో చావు జరిగింది. అలాంటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేయరు. నేసేవాళ్లు ఎవరి సాంచె దగ్గరికి వాళ్లు వెళ్లి చేత్తో ఆపుతారు. అది పోయినవాళ్లకు ఇచ్చే మర్యాద.

నేను ఆటో దిగి గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె ఇంకా బల్బు వైపే చూస్తోంది. చేతిలో సగం నూలు చుట్టిన కండె ఉంది.

"కరెంటున్నది గదా బిడ్డా," అంది.



సరిహద్దు కొండల్లో, అవతలి నుంచి వచ్చిన సాయుధులు పట్టుకున్న ఒక ఊరిని విడిపించే పోరులో తమ్ముడు చనిపోయాడు. ఆ ఊరి పేరు రాయవద్దని సైన్యం వాళ్లు కోరారు, రాయడం లేదు. కబురు ముందు నాకు వచ్చింది. అవ్వకు, అంటే వాళ్లమ్మకు, కార్ఖానాలో ఫోన్ మోగితే వినిపించదని వాడు ఇంటి నంబరుతో పాటు నాదీ ఇచ్చి ఉంచాడు. నేను కార్ఖానా యజమాని సేటుకు ఫోన్ చేసి, ఆమెను పక్కన కూర్చోబెట్టండి, వస్తున్నాను అన్నాను. ఆయన మావాడే, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. సంగతి వినగానే ఆయనకు తోచిన మొదటి పని సాంచెలు ఆపించడం. మర్యాద చేద్దామనే చేశాడు. ఆ మర్యాదే కబురు అయిపోతుందని ఆ క్షణాన ఆయనకు తట్టలేదు.

పోరు మొదలైన నాటి నుంచి చిన్నమ్మ భయపడింది సరిగ్గా ఇలాంటి క్షణానికే. ఆ రోజుల్లో సాంచెలు ఆగినప్పుడల్లా ఆమె చేతిపని వదిలేసి బల్బు చూసేది. బల్బు ఆరిపోయి ఉంటే గట్టిగా ఊపిరి వదిలేది. పక్కనున్న ఆడవాళ్లు కరెంటోళ్లను తిడుతుంటే ఆమె మాత్రం, "పోనియ్యండే, కరెంటే గదా పోయింది," అనేది. కరెంటు పోతే సంతోషపడ్డ మనిషిని భివండిలో నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

చుట్టూ చేరిన ఆడవాళ్లు ఏడుస్తున్నారు. చిన్నమ్మ ఏడవలేదు. నా మణికట్టు పట్టుకుంది.

"కొడుకా, వాడు భయపడ్డడా?"

"తెలియదు చిన్నమ్మా."

"దగ్గర ఎవలన్న ఉన్నరా? ఒక్కడే ఉన్నడా?"

"తెలియదు."

"తెలుసుకో. ఊరందరి సంగతులు అడిగి రాస్తవ్ గదా. నా కొడుకుది గూడ అడుగు. ఏది తెలిస్తే అది జెప్పు. అవద్ధం జెప్పకు."

ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే. వార్తలు రాయడం నా వృత్తి. ఈ వార్త అడిగిన పాఠకురాలు ఒక్కతే.

ముందుగా ఒక వాస్తవం. తమ్ముడు భయస్తుడు. ఇది నింద కాదు. వాడిని ఎరిగిన ఎవరినడిగినా ఇదే చెబుతారు. సూదిమందుకు భయం. లిఫ్టుకు భయం. దీపావళికి గల్లీలో పిల్లలు టపాకాయలు కాలుస్తుంటే వాళ్ల ఒంటిగది ఖోలీలో పరుపుల చాటుకు చేరేవాడు. అన్నిటికంటే పెద్ద భయం నాడెకు.

నాడె అంటే సాంచెలో అడ్డంగా నేసే పేక దారాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు మోసుకెళ్లే చెక్క. రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. కంటికి ఆననంత వేగంగా అటూ ఇటూ తిరుగుతుంది. ఎప్పుడో ఒకసారి దారి తప్పి సాంచెలోంచి ఎగిరి బయటపడుతుంది. ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. వాడి తండ్రి, మా చిన్నబాపు, సాంచెలు నడిపేవాడు, చిన్నమ్మ అదే కార్ఖానాలో ఓ మూల కండెలు చుట్టేది. ఖోలీలో చూసుకునే దిక్కు లేక పిల్లవాణ్ణి వెంట తెచ్చి నేసిన గుడ్డ తాన్ల కట్టల మీద కూర్చోబెట్టేవాళ్లు. అక్కడి నుంచే వాడు చూశాడు, ఒకరోజు నాడె ఎగిరి వాళ్ల బాపు ఎడమ కంటికి తగలడం. కన్ను పోయింది. ఆ తర్వాత వాడు కార్ఖానాలో ఎప్పుడూ నిటారుగా నడవలేదు. సాంచెల మధ్య నుంచి నడుం వంచి, తల దించి, మూల నుంచి మూలకు ఉరికేవాడు. సైన్యంలో వంగి పరుగెత్తడం నేర్పినప్పుడు, నీకిది ముందే ఎవరు నేర్పారని శిక్షణ ఇచ్చే ఉస్తాద్ అడిగాడట. "మా అవ్వ ఖార్ఖాన," అన్నానని నవ్వుతూ చెప్పాడు.

సాంచెల చప్పుడులో పక్కవాడి మాట వినిపించదు. అందుకని నేసేవాళ్లు పెదవులతో, చేతులతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు చిటికెలా కలిపి విడదీస్తే దారం తెగిందని. బొటనవేలు నోటి దగ్గర పెడితే ఛాయ్ తాగొద్దామని. వీటన్నిటిలో ముఖ్యమైనది ఒకటుంది. బయటికి వెళ్లాల్సి వచ్చినవాడు కంటి కింద వేలు పెట్టి, తర్వాత ఆ వేలితో తన సాంచెను చూపిస్తాడు. నా సాంచె చూస్కో అని. అవతలివాడు అరచెయ్యి గుండె మీద పెట్టుకుంటాడు. నేనున్నా, పో అని. ఆ చెయ్యి గుండెకు తగిలేదాకా మొదటివాడు కదలకూడదు. అది కార్ఖానా కట్టుబాటు. నడుస్తున్న సాంచెను ఎవరికీ అప్పగించకుండా పోయినవాణ్ణి మళ్లీ ఎవరూ నమ్మరు.

కన్ను పోయాక చిన్నబాపు ఈ సైగ చేసేటప్పుడు వేలు పోయిన కంటి కిందే పెట్టేవాడు. పక్క సాంచెల ఆయన ఊరుకునేవాడు కాదు.

"గుడ్డి కన్ను చూపించి చూడుమంటవేందిర?"

"మంచి కన్ను నాకు పనికొస్తది. చెడిపోయిందాన్ని నీకిస్తున్న, దీంతోని చూడు."

ఛాయ్ బండి దగ్గర ఈ మాటలు రోజూ నడిచేవి. రోజూ అందరూ కొత్తగా నవ్వేవాళ్లు. తమ్ముడు బాపును అనుకరిస్తూ ఎడమ కన్ను గట్టిగా మూసి, దాని కింద వేలు పెట్టేవాడు. బడికి పోతూ గోళీల డబ్బా చూపించి అవ్వకు అదే సైగ. అన్నం సగంలో లేస్తూ కంచం చూపించి నాకు అదే సైగ. మనం గుండె మీద చెయ్యి పెట్టకపోతే అక్కడే నిలబడి, మళ్లీ చేసేవాడు. మళ్లీ. మళ్లీ. చిన్నమ్మ విసుక్కునేది. "చూస్త గదరా, నీ గోళీలు నేను మింగుతనా? పో!"

చిన్నబాపు పోయాక ఆ సైగ అట్లా చేసేవాడు ఇంట్లో వీడొక్కడే మిగిలాడు.

ఇంత భయస్తుడు సైన్యంలోకి ఎందుకు పోయాడని అందరూ అడిగారు. నేనూ అడిగాను. వాడు పరుగు పరీక్ష కోసం సాయంత్రాలు వరాలా తలావ్ అనే చెరువు చుట్టూ పరుగెత్తే రోజులవి. అక్కడి కుక్కలంటే వాడికి గుండెల్లో దడ. కుక్కలు వెంటపడితే వాడు ఆగకుండా రెండో చుట్టు కూడా పూర్తిచేసేవాడు. "నా కోచ్‌లు మస్తు స్ట్రిక్ట్ అన్నా, ఫీజు గూడ అడగరు," అనేవాడు. చెమట తుడుచుకుంటూ గట్టు మీద కూర్చుని నా ప్రశ్నకు జవాబు చెప్పాడు.

"సాంచె కంటే బందూకే నయం అన్నా. బందూకు ఎవని చేతుల ఉన్నదో తెలుస్తది. నాడె ఎటు ఎగురుతదో సాంచెకే తెల్వది."

"మరి భయం?"

"అది ఏడికైనా నా ఎంబడే వస్తది. ఈడ ఉంచిపోతే అవ్వను పట్టుకుంటది. నాతోనే తీస్కపోత."

భర్తీ అయి వెళ్లే రోజు బస్టాండులో సామాను ఎక్కిస్తుండగా చిన్నమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ పక్కకు తిరిగింది. వాడు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఎడమ కన్ను మూశాడు. దాని కింద వేలు పెట్టాడు. ఆ వేలితో అవ్వను చూపించాడు. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు, కండక్టర్ మరాఠీలో తిడుతున్నాడు. నేను రెండు చేతుల్లో సంచులతో ఉన్నాను. ఒక సంచి కింద పడేసి గుండె మీద చెయ్యి పెడితే గానీ లోపలికి పోలేదు.

భివండిలో పుట్టినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. సాంచెల మధ్య పెరిగిన గొంతులు. మా ఇళ్లలో రహస్యాలు నిలవకపోవడానికి అదొక కారణం. సైన్యంలో తమ్ముడికి మొదటి శిక్ష పడింది దీనికే. చడీచప్పుడు లేకుండా ఉండాల్సిన చోట పక్కవాడి చెవిలో వీడు చెప్పిన గుసగుస కొండంతా వినిపించిందట. అప్పటి నుంచి అలాంటి చోట్ల నోరు తెరవకుండా చేతులతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. తోటివాళ్లు మొదట వెక్కిరించారు, తర్వాత కొన్ని సైగలు నేర్చుకున్నారు. ఛాయ్ సైగ అందరికీ వచ్చింది.

ఇంటికి చేసేది వీడియో కాల్. చిన్నమ్మ కండెలు చుడుతూనే ఫోన్‌ను నూలు డబ్బాకు ఆనించి పెట్టుకునేది. ఇక్కడ సాంచెలు చెవులు పగలగొడుతుంటాయి, అక్కడ కొండ గాలి. తల్లీకొడుకులు ఒక్క మాట వినిపించకుండా ఎంతసేపైనా మాట్లాడుకునేవాళ్లు. అన్నం తిన్నావా, చలి ఉందా, మోకాలు నొప్పి తగ్గిందా, సేటు కొడుకు పెళ్లి ఎప్పుడు. ఆ కార్ఖానాలో పనిచేసేవాళ్లందరికీ వాళ్ల మాటలు అర్థమయ్యేవి. మధ్యలో దూరి వాళ్లూ చేతులూపేవాళ్లు.

చివరిసారి సుట్టి మీద ఇంటికి వచ్చినప్పుడు నేను వాణ్ణి సూటిగా అడిగాను, అక్కడ భయం ఎట్లా ఉంటుందని. వాడు దాచలేదు.

"కడుపుల మొదలైతది అన్నా. చేతులు సల్లబడుతయి. భయపడుడు గూడ ఒక డ్యూటీయే అనుకుంట. ముందు గది చేసేస్త. అది అయినంక రెండో డ్యూటీకి పోత."

నేను విన్న వీరుల మాటలు కొన్ని ఉన్నాయి. ఇంత పనికొచ్చే మాట వాటిలో లేదు.

పోరు మొదలవుతుందనగా చిన్నమ్మకు ఆఖరి వీడియో కాల్ వచ్చింది. రేపటి నుంచి ఫోన్ ఉండదని చెప్పాడట. "నవ్విండు బిడ్డా. నవ్వుకుంటనే గుటకలు మింగిండు. వాని భయం నాకు తెల్వదా?" అంది. ఆ తర్వాత ఫోన్ మోగలేదు. ఛాయ్ దుకాణాల్లో టీవీలు అరుస్తున్నాయి. పటాల మీద ఎర్ర బాణాలు ఊళ్లను దాటుకుంటూ పోతున్నాయి. అడుగుతుందనే భయంతో నేను ఆమె గల్లీ వైపు వెళ్లడం తగ్గించాను. ఆమే నన్ను పట్టుకుంది. "నీకు ముందు తెలుస్తది. తెలిస్తే నువ్వే వచ్చి జెప్పు. వేరే నోట వినబుద్ధి కాదు." సరేనన్నాను. ఏమైందో పైన రాశాను.

వాణ్ణి తెచ్చిన రోజు భివండి ఆగిపోయింది. దారి పొడవునా ఫ్లెక్సీలు. మూడు భాషల్లోనూ ఒకటే విశేషణం. భయమెరుగని వీరుడు. అవి కట్టించిన నాయకుల ఫొటోలు వాడి ఫొటో కంటే పెద్దవి. మైకులో ఒకాయన సింహం అన్నాడు, ఇంకొకాయన పులి అన్నాడు. ఆ జంతువుల మధ్య కుక్కకు భయపడి తలావ్ చుట్టూ పరుగెత్తిన పిల్లవాణ్ణి వెతుక్కుంటూ నేను నిలబడ్డాను.

చిన్నమ్మ ముందు వరుసలో కూర్చుని నాతో ఫ్లెక్సీ చదివించుకుంది.

"గిది రాసినోనికి మావోడు ఎరుకేనా?"

"లేదు చిన్నమ్మా."

వాడి వెంట వచ్చిన సైన్యాధికారి మంచి మనిషి. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడాడు. ఆమె తన రెండు ప్రశ్నలూ భివండి హిందీలో అడిగింది. భయపడ్డాడా, దగ్గర ఎవరున్నారు అని. మీ అబ్బాయి చివరి క్షణం దాకా భయమన్నది లేకుండా నిలిచాడమ్మా అని ఆయన చెప్పాడు. చిన్నమ్మ తల ఊపింది. ఆయన లేచి వెళ్లాక నా వైపు తిరిగి మెల్లగా, అంటే చుట్టూ పదిమందికి వినపడేలా, అంది.

"పాపం, వేరేటోళ్ల కొడుకు సంగతి జెప్పిపోయిండు."

వాడి మొహం చూసింది. నుదుటి మీద చెయ్యి పెట్టింది. అప్పుడు కూడా ఏడవలేదు. ఏడవని మనిషిని చూసి గల్లీవాళ్లు భయపడ్డారు. నేనూ భయపడ్డాను. తెలియనిది పెట్టుకుని ఆమె ఎట్లా బతుకుతుందోనని.

నేను అడగవలసిన వాళ్లందరినీ అడిగాను. ఫోన్లు చేశాను. దొరికిన వాస్తవాలు కొన్నే. కొండ వాలు మీద కొన్ని ఇళ్లు. పై ఇంట్లో సాయుధులు. కింది ఇళ్లలో చిక్కుకుపోయిన జనం. తెల్లవారుతుండగా మనవాళ్లు కింది నుంచి ఊళ్లోకి వెళ్లారు. ఎండ ఎక్కేసరికి ఊరు వాళ్ల చెర నుంచి బయటపడింది. జనమంతా క్షేమం. మనవాళ్లలో చనిపోయింది తమ్ముడు ఒక్కడే. వాడి పక్కన ఉన్న జవాను గాయపడి ఆసుపత్రిలో ఉన్నాడు. అంతకు మించి కాగితాల మీద లేదు. ఆ జవానుకు కబురు పెట్టి ఊరుకున్నాను.

చిన్నమ్మ అందరూ అనుకున్నదానికంటే ముందే పనిలోకి పోయింది. సేటు వద్దన్నాడు, చుట్టాలు వద్దన్నారు. "ఇంట్ల కూసుంటే చప్పుడు లేదు బిడ్డా. భయమైతుంది," అని ఆమె జవాబు. చప్పుడు లేని చోట ఆమె ఉండలేకపోయింది.

ఆ జవాను ఒక ఉదయం వచ్చాడు. చేతికర్ర సాయంతో నడుస్తున్నాడు. తమ్ముడి కంటే రెండు మూడేళ్లు చిన్నవాడై ఉంటాడు. మనదేశంలో ఏ మూలవాడో రాయను. ఖోలీకి తాళం ఉండటంతో నేనే కార్ఖానాకు తీసుకెళ్లాను. గుమ్మం దాటగానే సాంచెల మోత వాడి మీద పడింది. వాడు చటుక్కున గోడకు అంటుకుపోయాడు. మొహం తెల్లబోయింది. ఆ చప్పుడు వాడికి దేన్ని గుర్తుచేసిందో నేను అడగలేదు. కండెలు చుట్టే మూల నుంచి చిన్నమ్మ చూసింది. లేచి వచ్చింది. ఎవరు, ఏమిటి అని అడగలేదు. వాడి మోచెయ్యి పట్టుకుని, తన తల దించి వాడి తలా దింపించి, సాంచెల మధ్య నుంచి వెనక గదిలోకి తీసుకుపోయింది. తాన్లు పేర్చే గది అది. గుడ్డ కట్టల వల్ల చప్పుడు కాస్త తక్కువ.

వాళ్లు హిందీలో మాట్లాడుకున్నారు. నేను తెలుగులో రాస్తున్నాను.

"భయపడ్డడా బేటా?"

వాడు నా వైపు చూశాడు.

"ఆయన దిక్కు చూడకు. నా దిక్కు చూసి జెప్పు. నిజం జెప్పు."

"భయపడ్డాడమ్మా." వాడి గొంతు తగ్గింది. "నేనూ భయపడ్డాను. ఊళ్లోకి పోయే ముందు నీళ్లు తాగుదామన్నాడు. చేతులు వణికి సీసా మూత తియ్యలేకపోయాడు. నేను తీసిచ్చాను. ఇక నా డ్యూటీ ఒకటి అయిపోయింది, పదా అన్నాడు. అదేంటో నాకు తెలియలేదు."

చిన్నమ్మ చాలాసేపు వాడి చేతుల వైపే చూసింది. తర్వాత, "ఆఁ. వాడే. మావోడే," అంది. అప్పుడు ఏడ్చింది. కబురు వచ్చిన నాటి నుంచి ఆమె ఏడవడం అదే మొదలు. ఫ్లెక్సీల్లో ఎక్కడా దొరకని కొడుకు ఆ సీసా మూత దగ్గర దొరికాడు.

జవాను మిగిలింది చెప్పాడు. ఒక ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు, ఒక ముసలామె ఉన్నారు. వాళ్లను వాలు దింపడం వీళ్లిద్దరి పని. వాళ్ల భాష వీళ్లకు రాదు. తమ్ముడు నోరు తెరవలేదు. చేతులతోనే ఆగండి, వంగండి, ఒక్కొక్కరు రండి అని చెప్పాడు. వాళ్లకు అర్థమైంది. కొందరు దిగిపోయారు. ఇంకా కొందరు లోపల ఉండగానే గుమ్మం దగ్గర తమ్ముడికి దెబ్బ తగిలింది.

"పాక్కుంటూ పోయాను. ఊపిరి ఉంది. మాట లేదు. ఎడమ కన్ను గట్టిగా మూసి దాని కింద వేలు పెట్టాడు. కంట్లో రక్తం పడిందేమోనని తుడిచాను. వేలితో తలుపు వైపు చూపించాడు. మళ్లీ కన్ను మూశాడు. మళ్లీ వేలు పెట్టాడు. మళ్లీ తలుపు. నాకేమీ అర్థం కాలేదు. లోపల పిల్లలు ఏడుస్తున్నారు. నేను..." ఆగాడు. "నేను వాణ్ణి వదిలేసి లోపలికి పోయానమ్మా. పిల్లల్ని ముందు పంపాను. ముసలామెను ఎత్తుకుని బయటికి వచ్చేసరికి అయిపోయింది. వాడు ఒక్కడే ఉన్నాడు. నేను వదిలేశాను. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు."

చిన్నమ్మ నా వైపు చూసింది. ఆ గదిలో ఆ సైగ తెలిసినవాళ్లం మేమిద్దరమే.

"నువ్వు వదిలెయ్యలే," అందామె. "వాడే పంపిండు. నా సాంచె చూస్కో అన్నడు. మా దగ్గర ఎవలన్న బయటికి పొయ్యేటప్పుడు గట్లనే అప్పజెప్తరు. వాళ్లను నీకు అప్పజెప్పిండు. నువ్వు పోయినవ్. వాడు అడిగిందే నువ్వు చేసినవ్ కొడుకా."

జవాను కర్ర రెండు చేతులతో పట్టుకుని కూర్చుండిపోయాడు.

"వాని తల ఎటున్నది?" అని ఆమె అడిగింది.

"తలుపు వైపు."

"పిల్లలు ముందుగాల బయటికొచ్చిండ్రు గదా?"

"వచ్చారమ్మా. వాడి పక్క నుంచే."

తమ్ముడు ఆ పిల్లల్ని చూశాడని నేను రాయలేను. చూసినవాళ్లు లేరు. తల తలుపు వైపు తిరిగి ఉందన్నది మాత్రం వాస్తవం.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని చిన్నమ్మ నాతో అంది. "పేపర్ల రాస్తవ్ గదా. భయపడ్డడని రాయి. చేతులు వణికినయని రాయి. మూత తియ్యరాలేదని రాయి. అవన్నీ అయినంకనే పోయిండని రాయి." రాశాను.

ఆ జవాను పిల్లవాడు బయలుదేరాడు. ఈసారి సాంచెల మధ్య నుంచి తనంతట తనే తల దించి నడిచాడు. గుమ్మం దగ్గర ఏదో చెప్పాలని వెనక్కి తిరిగాడు. పెదవులు కదిలాయి, మాట వినిపించలేదు. చిన్నమ్మ అప్పటికే తన మూలకు చేరుకుంది. అక్కడి నుంచి వాడి వైపు చూస్తూ ఎడమ కన్ను మూసింది. దాని కింద వేలు పెట్టింది. తర్వాత ఆ వేలు చాచి ఉత్తరం వైపు, ఎక్కడో ఆ కొండల వైపు చూపించింది.

దీనికి జవాబు ఏమిటో వాడికి ఎవరూ చెప్పలేదు. వాడు నా వైపు చూశాడు. నేను అరచెయ్యి గుండె మీద పెట్టుకుని చూపించాను.

వాడు కర్రను గోడకు ఆనించాడు. కుడిచెయ్యి ఎత్తి గుండె మీద పెట్టుకున్నాడు. ఆమె వేలు ఇంకా దించలేదు. ఇద్దరి మధ్యా సాంచెలన్నీ నడుస్తున్నాయి. గాలిలో ఎప్పుడూ ఉండే దూది పొట్టు మెల్లగా వచ్చి వాడి చేతి మీద వాలుతోంది. వాడు దులుపుకోలేదు.

అప్పుడు ఆమె చెయ్యి దించి, పక్కన పెట్టిన కండె అందుకుంది.